టైటానియం దంత ఇంప్లాంట్ల ఉపరితల పూతలు

ఊడిపోయిన పంటి వేరుకు బదులుగా దవడ ఎముకలో బిగించే టైటానియం మరను దంత ఇంప్లాంట్ అంటారు. దాని తలమీద అబట్‌మెంట్ అనే చిన్న కాడ, ఆ కాడ మీద నోరు తెరిస్తే కనిపించే క్యాప్ కూర్చుంటాయి. మర పొడవు సాధారణంగా 8 నుంచి 14 మిల్లీమీటర్లు, మందం 3 నుంచి 5 మిల్లీమీటర్లు. ఇంత చిన్న వస్తువులో ఎముకకు తగిలేది పైనున్న కొద్ది మైక్రాన్ల పొర మాత్రమే. ఆ పొరను గరుకు చేసినా, దాని మీద మరో పదార్థం అతికించినా, దాని రసాయన గుణం మార్చినా వాడుకలో అన్నిటికీ పూత అనే పేరే స్థిరపడింది. కచ్చితంగా చెప్పాలంటే ఈరోజు ప్రపంచంలో అమ్ముడవుతున్న ఇంప్లాంట్లలో ఎక్కువ వాటి మీద బయటినుంచి పూసినది ఏదీ ఉండదు. టైటానియాన్నే చెక్కి, కొరికి, ఉడికించి దాని చర్మాన్ని మారుస్తారు. పూయడం నుంచి మార్చడం వైపు వైద్యులు, ఇంజనీర్లు ఎందుకు జరిగారన్నదే ఈ రంగపు చరిత్రలో ముఖ్యమైన భాగం.

జగిత్యాల జిల్లా మెట్‌పల్లి, కోరుట్ల వైపు ఈ విషయాన్ని పట్టించుకోవడానికి స్థానికమైన కారణాలున్నాయి. దుబాయి, సౌదీ, మస్కట్‌లలో పనిచేసేవాళ్ళు నెలా రెండు నెలల సెలవు మీద ఇంటికొస్తారు. పెళ్ళిళ్ళు, ఇంటి పనులు, పంటి పనులు అన్నీ అందులోనే తెమలాలి. ఎముక ఇంప్లాంట్‌ను పట్టుకోవడానికి ఎన్ని వారాలు పడుతుందో చాలావరకు ఉపరితలం తేలుస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చేస్తారు, బీడీ తాగే మగవాళ్ళకూ కొదవలేదు; పొగ ఇంప్లాంట్‌కు చేటు చేస్తుంది. ఇక చేలల్లో పండే పసుపు ఇప్పుడు టైటానియం మీది పూతల పరిశోధనలోకే చేరింది. ఇంప్లాంట్ వైద్యం కోసం జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్‌ల దాకా వెళ్ళేవాళ్ళు వినే బ్రాండు పేర్ల వెనక ఉన్న తేడా చాలావరకు ఈ కొద్ది మైక్రాన్లదే.

లోహం, దాని సహజ పొర

టైటానియం గాలి తగిలిన మరుక్షణమే ఆక్సిజన్‌తో కలిసి తనకు తానే టైటానియం డయాక్సైడ్ పొర కప్పుకుంటుంది. మందం 2 నుంచి 10 నానోమీటర్లు. గీత పడితే అక్కడికక్కడే మళ్ళీ ఏర్పడుతుంది. లాలాజలంలో, రక్తంలో ఈ లోహం తుప్పు పట్టకుండా నిలవడానికి మూలం ఇదే. ఆ లెక్కన ఎముక కణాలు ముఖాముఖి చూసేది లోహాన్ని కూడా కాదు, దాని మీది ఈ పలుచని సిరామిక్‌ను. ఇంప్లాంట్లకు శుద్ధ టైటానియం వాడతారు, అందులో గట్టిదైన నాలుగో గ్రేడుకే మొగ్గు ఎక్కువ. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిసిన మిశ్రలోహం ఇంకో రకం. సన్నని దవడల కోసం జిర్కోనియం కలిపిన టైటానియం 2009 నుంచి వాడుకలో ఉంది.

ఈ లోహంతో తెలుగు నేలకు సంబంధం చిన్నదేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నల్ల ఇసుకలో టైటానియం ఖనిజమైన ఇల్మెనైట్ ఉంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనాశాల డీఎంఆర్‌ఎల్ రూపొందించిన పద్ధతితోనే కేరళలోని చవరలో ఏటా 500 టన్నుల సామర్థ్యం గల టైటానియం స్పాంజ్ కర్మాగారం 2011లో మొదలైంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) ఆ లోహాన్ని శూన్యంలో విద్యుత్ ఆర్క్‌తో కరిగించి కడ్డీలుగా, రేకులుగా మారుస్తుంది. దంత ఇంప్లాంట్‌ను దేశంలోనే తయారు చేయడానికి సీఎస్‌ఐఆర్ అండతో ఢిల్లీ ఐఐటీ, మౌలానా ఆజాద్ దంతవైద్య సంస్థ కలిసి పనిచేశాయి. అయినా ఇక్కడి దంతవైద్యుల బల్లల మీద కనిపించే పెట్టెల్లో స్విట్జర్లాండ్, స్వీడన్, కొరియా, ఇజ్రాయెల్ పేర్లు ఎక్కువ. కడ్డీ చేయడం మనకు వచ్చు. కడ్డీని మరగా తిప్పాక దాని ఉపరితలాన్ని ప్రతి ముక్కకూ ఒకేలా తీర్చడం, దాన్ని పదేళ్ళపాటు రోగుల్లో గమనించి లెక్కలు ప్రకటించడం వేరే విద్య. ధరలో పెద్ద వాటా ఆ రెండో విద్యదే అనిపిస్తుంది.

నున్నని మరల కాలం

1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం గదిని అమర్చి రక్తప్రసరణను పరిశీలించాడు. పని పూర్తయ్యాక గదిని తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసింది. లోహానికీ ఎముకకూ మధ్య మెత్తని కణజాలం లేకుండా నేరుగా ఏర్పడే ఈ బంధానికి ఆయన ఆసియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టాడు. 1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో బ్రోనెమార్క్ తొలి ఇంప్లాంట్లు పెట్టాడు. 2006లో లార్సన్ చనిపోయేనాటికి కూడా అవి పనిచేస్తూనే ఉన్నాయి. 1982లో టొరంటోలో జరిగిన సమావేశం తర్వాత ఉత్తర అమెరికా వైద్యలోకం ఈ పద్ధతిని ఒప్పుకుంది.

ఆ తొలి మరలు లేత్ మీద తిప్పి తీసినవే, ప్రత్యేకంగా ఏ పూతా లేదు. కంటికి నున్నగా కనిపించినా లేత్ పనిముట్టు గీతలు వాటి మీద ఉంటాయి. కింది దవడ ముందు భాగంలో ఎముక దట్టంగా ఉంటుంది గనక అక్కడ అవి బ్రహ్మాండంగా పనిచేశాయి. పై దవడ వెనక, ఎముక బోలుగా ఉండేచోట, విఫలమైనవి ఎక్కువ. పైగా కింది దవడలో మూడు నెలలు, పై దవడలో ఆరు నెలలు క్యాప్ పెట్టకుండా ఆగాలి. మెత్తని ఎముక, సుదీర్ఘమైన నిరీక్షణ. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఉపరితలమూ ఈ రెండిటికి జవాబు వెతుక్కుంటూ వచ్చిందే.

గరుకుదనం ఎందుకు?

పాత గోడ మీద కొత్త ప్లాస్టరింగ్ వేసే మేస్త్రి ముందు గోడంతా గంట్లు కొడతాడు, నున్నని గోడ మీద సిమెంటు నిలవదు. ఎముక విషయంలో యాంత్రికమైన ఈ పట్టుతో పాటు జీవకణాల లెక్క కూడా ఉంది. ఇంప్లాంట్ బిగించగానే దాని చుట్టూ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డలోని ఫైబ్రిన్ పోగులు గరుకు ఉపరితలాన్ని గట్టిగా పట్టుకుంటే, ఎముకను కట్టే కణాలు ఆ పోగుల వెంట పాకుతూ నేరుగా లోహం మీదికే చేరి అక్కడినుంచే ఎముకను నేయడం మొదలుపెడతాయి. ఉపరితలం నున్నగా ఉంటే పోగులు జారిపోతాయి. అప్పుడు ఎముక పాత అంచునుంచి మెల్లగా లోహం వైపు పెరగాల్సి వస్తుంది.

ఎంత గరుకు కావాలన్న దానికి స్వీడన్ పరిశోధకులు టోమాస్ ఆల్‌బ్రెక్ట్‌సన్, ఆన్ వెన్నర్‌బర్గ్ చేసిన విభజననే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. ఎగుడుదిగుళ్ళ సగటు ఎత్తు 0.5 మైక్రాన్ల లోపు ఉంటే నునుపు, 0.5 నుంచి 1 దాకా స్వల్ప గరుకు, 1 నుంచి 2 దాకా మధ్యస్థ గరుకు, 2 దాటితే బాగా గరుకు. వాళ్ళ లెక్కలో ఎముక బాగా పట్టేది మధ్యస్థ గరుకుకే. అంతకు మించి గరుకు పెంచితే లాభం పెరగలేదు. బయటపడితే క్రిములకు గూడు దొరకడం మాత్రం పెరిగింది.

చల్లిన పూతలు

లోహం మీద బయటి పదార్థాన్ని పూయడం 1970లలో స్విట్జర్లాండ్‌లో మొదలైంది. బెర్న్‌లో ఆంద్రే ష్రోడర్ బృందం, స్ట్రామన్ సంస్థతో కలిసి, టైటానియం పొడిని ప్లాస్మా జ్వాలలో కరిగించి మర మీద చల్లే పద్ధతి తెచ్చింది. కరిగిన చుక్కలు చదునుగా అతుక్కుని పగడపు గుట్టల్లాంటి పొర ఏర్పడేది. పట్టు బాగుండేది. కాని ఈ ఉపరితలం బాగా గరుకు తరగతిలోది. ఇంప్లాంట్‌ను ఎముకలోకి తిప్పేటప్పుడు రేణువులు రాలేవి. చిగురు కిందికి దిగి ఆ పొర నోట్లోకి బయటపడితే శుభ్రం చేయడం దాదాపు అసాధ్యం.

1980లలో అందరినీ ఆకర్షించింది హైడ్రాక్సీ అపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్‌ల ఈ ఖనిజం ఎముక గట్టిదనానికి మూలం. ఎముక పదార్థాన్నే లోహం మీద పూస్తే ఎముక దాన్ని తనదిగా ఎంచుకుంటుందన్న ఆలోచన ఎవరికైనా నచ్చుతుంది. తొలి నెలల్లో అలాగే జరిగింది కూడా. మెత్తని ఎముకలో ఈ పూత ఉన్నవి తొందరగా పట్టుకున్నాయి. ఇబ్బంది పూసే తీరులో ఉంది. ప్లాస్మా జ్వాల వేడి పదివేల డిగ్రీల సెల్సియస్ పైమాటే. ఆ వేడికి అపటైట్ కొంత విడిపోయి తొందరగా కరిగే ఇతర కాల్షియం ఫాస్ఫేట్‌లుగా, స్ఫటికరూపం లేని గాజులాంటి పదార్థంగా మారుతుంది. సుమారు 50 మైక్రాన్ల మందమున్న ఆ పొర లోహాన్ని అంటిపెట్టుకోవాలి, ఎముకనూ అంటిపెట్టుకోవాలి. ఈ రెండిట్లో లోహం వైపు అతుకే బలహీనం. కొన్ని సందర్భాల్లో ఏళ్ళ తర్వాత పొర పెచ్చులుగా లేచింది, కరిగిపోయింది, చుట్టూ ఎముక తరిగింది.

అపటైట్ పూతకు వచ్చిన చెడ్డపేరు మాత్రం కొంత అతిశయోక్తే. 2000లో అమెరికాలో అప్పటిదాకా వెలువడిన ఫలితాలన్నిటినీ చేర్చి చూసిన సమీక్షలో, పూత ఉన్న ఇంప్లాంట్లు దీర్ఘకాలంలో మిగతావాటి కంటే ఎక్కువగా ఊడిపోతున్నాయనడానికి ఆధారం దొరకలేదు. కాని అప్పటికి మార్కెట్ ముందుకు వెళ్ళిపోయింది. అదే ఫలితాన్ని పెచ్చులూడే భయం లేకుండా ఇచ్చే దారి దొరికింది.

ఇసుక, ఆమ్లం

ఆ దారి చాలా సాదా. మర మీదికి ఇసుకలాంటి గట్టి అల్యూమినా రేణువులను గాలి ఒత్తిడితో కొడతారు. 250 నుంచి 500 మైక్రాన్ల రేణువులు తగిలిన చోట 20 నుంచి 40 మైక్రాన్ల గుంతలు పడతాయి. ఆపైన మరను వేడి హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో ముంచుతారు. ఆమ్లం ఆ గుంతల లోపల ఒకటి రెండు మైక్రాన్ల చిన్న గుంతలు కొరుకుతుంది. పెద్ద గుంతలో ఎముక ఇరుక్కుంటుంది, చిన్న గుంతలో కణం కాలూనుతుంది. ఎస్‌ఎల్‌ఏ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ ఉపరితలాన్ని 1991లో డేనియల్ బూసర్ బృందం చిన్నజాతి పందుల ఎముకల్లో ఇతర ఉపరితలాలతో పోల్చి చూసింది. ఎముక అన్నిటికంటే ఎక్కువగా అంటుకున్నది అపటైట్ పూతకే, ఆ తర్వాతి స్థానం ఇసుక, ఆమ్లం రెండూ పడినదానిది. కాని అపటైట్ పొర అప్పటికే అక్కడక్కడ కరుగుతున్న ఆనవాళ్ళు కూడా కనిపించాయి. పూత లేకుండానే పూతకు దగ్గరగా రాగలమని తేలింది.

1990ల చివర మార్కెట్‌కు వచ్చిన ఈ ఉపరితలం మీద పదేళ్ళ లెక్క 2012లో వెలువడింది. 303 మంది రోగుల్లో 511 ఇంప్లాంట్లను పరిశీలిస్తే 98.8 శాతం నిలిచి ఉన్నాయి. చుట్టూ జబ్బు కూడా లేకుండా విజయవంతమనదగ్గవి 97 శాతం. విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో, ఎంచిన రోగుల్లో, చేయి తిరిగిన వైద్యుల చేతుల్లో వచ్చిన సంఖ్యలు ఇవని గుర్తుంచుకోవాలి. ప్రతి క్లినిక్‌లో ఇవే వస్తాయని అనుకోనక్కర్లేదు.

దాదాపు అదే కాలంలో ఇంకా కొన్ని దారులు తెరుచుకున్నాయి. ఇసుక లేకుండా రెండు ఆమ్లాలతోనే కొరికించడం ఒకటి. అల్యూమినాకు బదులు టైటానియం ఆక్సైడ్ రేణువులతోనే కొట్టి, ఆపై పలుచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచడం ఇంకొకటి, ఇది 2004లో వచ్చింది. ఈ రెండోదానిలో ఉపరితలానికి కొంచెం ఫ్లోరైడ్ అంటుకుంటుంది. అల్యూమినాతో కొట్టినవాటి మీద రేణువుల అవశేషాలు మిగిలిపోవడం పాత ఫిర్యాదు. స్టెరైల్ పెట్టె విప్పిన కొత్త ఇంప్లాంట్లను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన పరిశోధకులకు కొన్నిటి మీద కార్బన్ మరకలూ కనిపించాయి. కడగడం కూడా ఉపరితల విద్యలో భాగమే, చవక ఉత్పత్తులు వెనకబడేది ఎక్కువగా అక్కడే.

విద్యుత్తుతో పెంచే పొర

టైటానియం సహజంగా కప్పుకునే ఆక్సైడ్ పొరను కరెంటుతో మందంగా పెంచవచ్చు. ఇంప్లాంట్‌ను ధన ధ్రువంగా ద్రావణంలో పెట్టి వోల్టేజీ పెంచుతూపోతే, ఒక హద్దు దాటాక ఉపరితలం మీద సూక్ష్మమైన మెరుపులు మొదలవుతాయి. మెరుపు తగిలిన చోట ఆక్సైడ్ కరిగి గట్టిపడి అగ్నిపర్వత ముఖాల్లాంటి రంధ్రాలు మిగులుతాయి. ద్రావణంలో కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలుంటే అవీ పొరలోకి చేరతాయి. పైన పూసింది కాక లోహంలోంచే పెరిగింది కాబట్టి ఈ పొర తేలిగ్గా ఊడదు. 2000లో మార్కెట్‌కు వచ్చిన ఒక ప్రసిద్ధ ఉపరితలంలో ఈ పొర మందం మర కొన దగ్గర 10 మైక్రాన్ల వరకు ఉంటుంది.

హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ఈ మెరుపు పద్ధతిలో దేశంలోనే ముఖ్యమైన కేంద్రం. పొడి లోహాలు, కొత్త పదార్థాల మీద పనిచేసే ఈ సంస్థ మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ అనే పేరుతో అల్యూమినియం, మెగ్నీషియం, టైటానియంల మీద సిరామిక్ పొరలు పెంచే యంత్రాలను తానే రూపొందించింది. డిటొనేషన్ స్ప్రే అనే పద్ధతినీ ఉక్రెయిన్ నుంచి తెచ్చి స్థిరపరిచింది. ప్లాస్మాలా ఎడతెగని జ్వాల కాకుండా, సెకనుకు కొన్నిసార్లు చిన్న పేలుళ్ళతో పొడిని విసురుతుంది అది. వీటి ప్రధాన వినియోగం యంత్రభాగాలకే. అయినా ఎముక ఇంప్లాంట్లకు కావలసిన మూల పరిజ్ఞానం ఇదే.

పరదేశంలో పనిచేసిన తెలుగు శాస్త్రవేత్త పేరూ ఈ చరిత్రలో ఉంది. బల్లా వంశీకృష్ణ, అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అమిత్ బందోపాధ్యాయ్, సుస్మితా బోస్‌లతో కలిసి, టైటానియం మీద లేజర్‌తో టాంటలం పూత వేసి 2010లో ఫలితాలు ప్రకటించాడు. టాంటలం కరగాలంటే 3000 డిగ్రీలు దాటాలి, మామూలు పద్ధతులకు అది కష్టం. ఎముక కణాలు టాంటలం మీద టైటానియం కంటే చురుగ్గా పెరిగాయి. రంధ్రాల టాంటలం తొడుగున్న దంత ఇంప్లాంట్లు ఆ తర్వాత వేరే దారిలో మార్కెట్‌కు వచ్చాయి. ఖరీదు మాత్రం చాలామందికి అందేది కాదు.

తడి ఉపరితలం

ఆక్సైడ్ పొర తాజాగా ఉన్నప్పుడు నీటిని ఇష్టపడుతుంది. గాలిలో నిల్వ ఉంటే కార్బన్ సంబంధ పదార్థాలు అంటుకుని నీటిని తోసేయడం మొదలుపెడుతుంది. మామూలు ఎస్‌ఎల్‌ఏ ఉపరితలం మీద నీటిబొట్టు సుమారు 140 డిగ్రీల కోణంతో ముత్యంలా నిలబడుతుంది. అదే ఉపరితలాన్ని నత్రజనిలో కడిగి గాలి తగలకుండా ఉప్పునీటిలో నిల్వచేస్తే కోణం సున్నా, బొట్టు పడగానే పరుచుకుపోతుంది. రక్తమూ అలాగే పరుచుకుంటుంది. 2005 నుంచి అమ్ముతున్న ఈ రకం ఇంప్లాంట్లు చిన్న ద్రావణపు గొట్టంలో వస్తాయి.

కాలిఫోర్నియాలో తకహిరో ఒగావా బృందం ఇంకో కిటుకు చెప్పింది. పాతబడిన టైటానియం మీద అతినీలలోహిత కాంతి పడితే ఆ కార్బన్ మురికి విడిపోయి ఉపరితలం మళ్ళీ తాజా అవుతుంది. 2009లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో నాలుగు వారాలకు ఎముక అంటుకున్న భాగం 55 శాతం నుంచి 98 శాతం దాకా పెరిగింది. ఎలుక ఎముకలో వచ్చిన సంఖ్య మనిషి దవడలో అదే స్థాయిలో వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, అయినా ఈ రంగంలో ఇంత సులువైన ఆలోచన ఇంకొకటి రాలేదు.

సెలవు లెక్క

ఈ మార్పులన్నీ నిజంగా మార్చింది తొలి కొద్ది వారాలనే. ఇంప్లాంట్ బిగించిన రోజు దాన్ని పట్టుకుని ఉండేది మర పట్టు. రెండు నుంచి నాలుగు వారాల మధ్య పాత ఎముక కొంత అరిగి ఆ పట్టు సడలుతుంది, కొత్త ఎముక ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. ఇంప్లాంట్‌కు అది గండకాలం. మంచి ఉపరితలం పట్టు తగ్గే ఆ లోయను తక్కువ లోతుగా, తక్కువ నిడివిగా చేస్తుంది. నున్నని మరకు మూడు నుంచి ఆరు నెలలు ఆగినచోట, ఇసుక ఆమ్లాల ఉపరితలానికి గట్టి ఎముకలో ఆరు వారాలు, తడి ఉపరితలానికి మూడు నాలుగు వారాలు సరిపోవచ్చని వైద్యులు చూపించారు.

రెండు నెలల సెలవు మీద వచ్చిన గల్ఫ్ కార్మికుడికి ఈ తేడా పెద్దది. అయితే ఎముక అప్పటికే సరిపడా ఉన్నప్పుడే అది పనికొస్తుంది. పన్ను ఊడి ఏళ్ళు గడిచి ఎముక కుంగిపోతే ముందు ఎముక పొడి నింపాలి. అది ముదరడానికి పట్టే నాలుగు నుంచి ఆరు నెలలను ఏ పూతా తగ్గించదు. ఒకే సెలవులో అన్నీ ముగించాలని తొందరపడే కంటే, ఈ సెలవులో ఇంప్లాంట్ పెట్టించి చిగురు కింద కప్పేయించి, వచ్చే సెలవులో క్యాప్ పెట్టించుకోవడం మేలు. కప్పిన ఇంప్లాంట్ అలా ఏడాది, రెండేళ్ళు ఉన్నా సాధారణంగా నష్టం లేదు. అప్పుడు ఖరీదైన తడి ఉపరితలం అవసరం కూడా తగ్గుతుంది.

చిగురు, బీడీ, క్రిములు

ఎముకను పిలిచే గరుకుదనం క్రిములనూ పిలుస్తుంది. ఇంప్లాంట్ చుట్టూ చిగురు వాచి, ఎముక గిన్నె ఆకారంలో కరిగిపోయే జబ్బును పెరిఇంప్లాంటైటిస్ అంటారు. ఎముకలో పూడి ఉన్నంతకాలం గరుకు ఉపరితలం క్షేమం. చిగురు దిగి మర చుట్లు బయటపడితే వాటి గుంతల్లో పాచి కూర్చుంటుంది, బ్రష్షు అందదు. కుక్కల్లో కావాలని జబ్బు పుట్టించి గమనించిన ప్రయోగాల్లో, జబ్బు తనంతట తాను ముదరడం విద్యుత్తుతో పెంచిన రంధ్రాల పొర చుట్టూ మిగతావాటి కంటే ఎక్కువగా కనిపించింది. వివిధ ఇంప్లాంట్ల మీద జరిగిన పరీక్షలన్నిటినీ వడగట్టిన కోక్రేన్ సమీక్ష 2014లో తేల్చింది కూడా నిరుత్సాహకరమైనదే. దీర్ఘకాల విజయంలో ఒక రకం మరో రకాన్ని మించిందనడానికి గట్టి ఆధారం లేదు.

అందుకే కొన్ని కంపెనీలు మర కింది భాగాన్ని గరుకుగా, చిగురు దగ్గరి మెడను నున్నగా ఉంచుతున్నాయి. నాకు అన్నిటికంటే తెలివైన ఏర్పాటు ఇదే అనిపిస్తుంది. అబట్‌మెంట్ మీద బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత వేయడమూ ఉంది. పాచి కాస్త తక్కువ పడుతుంది, పలుచని చిగురులోంచి బూడిదరంగు లోహం కనిపించదు. వెండి నానోరేణువులు, క్లోర్‌హెక్సిడిన్, క్రిములను చంపే పెప్టైడ్‌లు కలిపిన పూతల మీద ప్రయోగాలు బోలెడు. క్రిములను చంపే మోతాదుకూ ఎముక కణాలను బాధించే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. పైగా మందు కొన్ని వారాల్లో ఖాళీ అయ్యాక మిగిలేది మామూలు ఉపరితలమే.

పొగ తాగేవాళ్ళలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం తాగనివాళ్ళకంటే సుమారు రెండింతలు. అమెరికాలోని మేయో క్లినిక్ రోగుల రికార్డులతో 2008లో వెలువడిన అధ్యయనంలో ఒక ఆసక్తికరమైన విషయం తేలింది. నున్నని ఇంప్లాంట్లలో పొగ ప్రభావం స్పష్టంగా కనిపించింది, గరుకు ఇంప్లాంట్లలో అంత స్పష్టంగా లేదు. అంటే ఇంప్లాంట్ ఎముకకు పట్టుకునే దశలో పొగ చేసే నష్టాన్ని ఉపరితలం కొంత పూడుస్తోందన్న మాట. బీడీ తాగే మనిషికి ఇది ఊరటే గాని లైసెన్సు కాదు, తర్వాతి ఏళ్ళలో చిగురును తినే పొగను ఏ ఆక్సైడ్ పొరా ఆపలేదు. అదుపులో లేని షుగర్‌దీ ఇదే కథ.

పసుపు పూత

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల చేలనుంచి పసుపు కొమ్ములు నిజామాబాద్ మార్కెట్‌కు వెళ్తాయి. ఆర్మూరు దారిలో కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా కేంద్రం ఉంది. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఆ పసుపులోని పచ్చదనానికి కారణమైన కర్క్యుమిన్ ఇప్పుడు టైటానియం పూతల పరిశోధనలో చోటు సంపాదించింది. పైన చెప్పిన వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోనే సుస్మితా బోస్ బృందం టైటానియం మీద ప్లాస్మాతో అపటైట్ పొర వేసి, దానిలో కర్క్యుమిన్‌ను నింపి పరీక్షించింది. ఎముక కణాలు చురుకయ్యాయి, ఎముక క్యాన్సర్ కణాలు తగ్గాయి, జంతువుల్లో ఇంప్లాంట్ చుట్టూ ఎముక మెరుగ్గా ఏర్పడింది.

కర్క్యుమిన్‌తో చిక్కు ఏమిటంటే నీటిలో అది కరగదు, ఒంట్లో నిలవదు. తిన్నది చాలావరకు రక్తంలోకి చేరకుండానే పోతుంది. ఇంప్లాంట్ మీదే పెడితే ఆ బాధ తప్పుతుంది, కావలసినచోట కావలసినంత మెల్లగా విడుదలవుతుంది. అందుకని దాన్ని పాలిమర్ పొరల్లోనో కొవ్వు బుడగల్లోనో బంధించి పెడతారు. ఇక్కడ అపటైట్ మళ్ళీ అవసరమైంది గమనించాలి. ఎముక పట్టు విషయంలో పక్కన పెట్టిన పాత పూత మందును మోసే పాత్రగా తిరిగొచ్చింది. అయితే ఈ పని తుంటి, మోకాలి ఇంప్లాంట్ల దృష్టితో, కణాల మీదా ఎలుకల మీదా జరుగుతున్నది. ఇంప్లాంట్ పెట్టించుకున్న చోట ఇంట్లో పసుపు అద్దడానికి దీన్ని సమర్థనగా తీసుకోకూడదు. కొమ్ములో కర్క్యుమిన్ ఉండేది నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళు, మిగతాదాంట్లో ఎక్కువ పిండిపదార్థం, పీచు. కుట్లు వేసిన చిగురు మీద అది క్రిములకు ఆహారమే అవుతుంది.

ఫ్లోరైడ్ భయం

తెలంగాణ గ్రానైట్ రాళ్ళ కింది నీటిలో ఫ్లోరైడ్ ఉంది. నల్గొండ దానికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ. టైటానియం ఆక్సైడ్ పొరను కరిగించగల కొద్ది పదార్థాల్లో ఫ్లోరైడ్ ఒకటి కాబట్టి బోరునీటి ఊళ్ళలో ఇంప్లాంట్ దెబ్బతింటుందా అన్న సందేహం సహజం. దెబ్బతినదు. ఆ రసాయన చర్యకు ఆమ్లత కూడా కావాలి, ఫ్లోరైడ్ మోతాదూ ఎన్నో రెట్లు కావాలి. తాగునీటికి ప్రమాణాల్లోని గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. చెడ్డ బోర్లలోనూ అది ఆ స్థాయికి చేరదు, ఆ నీటికి ఆమ్లగుణమూ లేదు. మామూలు ఫ్లోరైడ్ టూత్‌పేస్టుతోనూ భయం లేదు. దంతవైద్యులు పిల్లల పళ్ళకు వాడే ఆమ్ల ఫ్లోరైడ్ జెల్ వేరు. అందులో ఫ్లోరైడ్ 1.23 శాతం, ఆమ్లత కూడా ఎక్కువ. దాన్ని ఇంప్లాంట్ల దగ్గర వాడరు.

పెట్టె మీది వివరాలు

భారత్‌లో ఇంప్లాంట్లు 2017 నాటి వైద్య పరికరాల నియమాల పరిధిలోకి వస్తాయి. ప్రతి ఇంప్లాంట్ పెట్టెలో తయారీదారు పేరు, నమూనా, వ్యాసం, పొడవు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి క్లినిక్ ఫైలుకు, ఇంకొకటి రోగికి. ఈ రెండో స్టిక్కర్‌ను అడిగి తీసుకునేవాళ్ళు తక్కువ. రియాద్‌లోనో షార్జాలోనో అబట్‌మెంట్ స్క్రూ వదులైతే, అక్కడి వైద్యుడికి ఏ కంపెనీ పరికరంతో తిప్పాలో తెలిసేది దానితోనే. ఒక కంపెనీ స్క్రూడ్రైవర్ చాలాసార్లు మరో కంపెనీ తలకు పట్టదు. ఉపరితలం గురించి అడగాలనుకునేవారు పేరు కంటే రెండు సంగతులు అడిగితే చాలు: ఆ ఉపరితలం మీద ఐదేళ్ళకు తక్కువ కాకుండా రోగుల్లో ప్రకటితమైన ఫలితాలున్నాయా, చిగురు దగ్గరి మెడ నున్ననిదా గరుకుదా. రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు కంపెనీ కరపత్రంలోనే ఉంటుంది.